జిహ్వకో రుచి, సీసాకో ధర

మొదటే ఒక మనవి. మద్యపానాన్ని పొగడడానికో తెగడడానికో ఈ వ్యాసం మొదలుపెట్టలేదు. తీర్పు చెప్పడమనే పని మీద నాకు చాలాకాలంగా కొన్ని అనుమానాలున్నాయి. వాటికి ఒక చరిత్ర ఉందని, అది చవకరకం తెల్ల వైను సీసాల్లో భద్రంగా ఉందని కాస్త ఆలస్యంగా తెలిసింది.

తెలిసిన విధం ఇది. కొన్నేళ్ళ క్రితం ఒక మిత్రుని ఇంట భోజనానికి పిలిచారు. వంట అయ్యేలోగా ఆయన ఒక ఆట పెట్టాడు. సీసాలకు కాగితపు సంచులు తొడిగి, ఐదు గ్లాసుల్లో తెల్ల వైను పోసి, నంబర్లు వేసి మా ముందుంచాడు. అన్నీ పది డాలర్ల లోపువే. వాసన చూసి, ఒక గుక్క నోట్లో తిప్పి, ఇరవైకి మార్కులు వేయాలి. నేను రెండో గ్లాసుకు పదిహేను వేసి, పచ్చి ఆపిల్ వాసన, నిమ్మ పులుపు అని ఏవేవో రాశాను. నాలుగో దానికి పది వేసి, నీళ్ళు కలిపిన మజ్జిగలా ఉందన్నాను. సంచులు తీశాక తెలిసింది, రెండూ ఒకే సీసాలోవి. మిత్రుని భార్య వంటింట్లోంచే నవ్వింది: "అన్నయ్యగారూ, ఇంక మా ఇంట్లో పులుసు ఒక్కసారే వడ్డిస్తాను లెండి!"

ఆ రాత్రి నవ్వులతో గడిచిపోయింది గాని, ఆ ఐదు మార్కుల తేడా మాత్రం నన్ను వదలలేదు.

వైనుకు తీర్పు చెప్పే పని మొదట నాలుకది కాదు, బజారుది. 1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్డో ప్రాంతపు వైన్లకు తరగతులు కట్టమన్నప్పుడు, అక్కడి దళారులు కొత్తగా రుచి చూసే పని పెట్టుకోలేదు. ఏ తోట సరుకు ఎన్నేళ్ళుగా ఏ ధర పలుకుతున్నదో చూసి జాబితా రాసిచ్చారు. ఆ జాబితాలో చోటు దక్కిన తెల్ల వైన్లు సొటెర్న్, బార్సాక్ ప్రాంతాల తీపి వైన్లు మాత్రమే. వాటిలో షాటో దికెమ్‌ను అందరికీ పైన ప్రత్యేకంగా ఒక మెట్టు మీద కూర్చోబెట్టారు. ధర ఎక్కువ కనుక గొప్పది, గొప్పది కనుక ధర ఎక్కువ. ఈ గానుగ చుట్టూ తిరగడం మనకూ కొత్త కాదు. అయినా వారి పద్ధతిని పూర్తిగా వెక్కిరించలేను. దశాబ్దాల తరబడి వేలమంది కొన్నవాళ్ళ తీర్పు ధరలో ఎంతో కొంత పేరుకుని ఉంటుంది కదా. ఒక పూట ఒక గదిలో కూర్చున్న నలుగురి తీర్పు కంటే అది నమ్మదగినదేనేమో. ఈ మాట మళ్ళీ అవసరపడుతుంది.

చవక తెల్ల వైను సంగతి వేరు. దానికి తరగతులు కట్టాల్సిన అవసరమే ఉండేది కాదు, ఎందుకంటే చాలా భాగం చెడిపోయే ఉండేది. ఎర్ర వైనును తొక్కలతో సహా పులియబెడతారు. ఆ తొక్కల్లోని వగరు పదార్థం దానికి కొంత కవచం. తెల్ల వైనుకు ద్రాక్షను పిండిన వెంటనే తొక్కలు తీసేస్తారు. కవచం లేదు గనుక గాలి తగిలితే చాలు, కోసిపెట్టిన ఆపిల్ ముక్కలా గోధుమరంగుకు తిరుగుతుంది. ఎండ దేశంలో తొట్టె వేడెక్కితే పులియడం మరీ ఉధృతమై, ఉన్న కాస్త సువాసనా ఆవిరితో పోతుంది. మిగిలేది పులుపూ, ఒక్కోసారి వెనిగరూ. వైను ఎందుకు జబ్బు పడుతుందో కనిపెట్టమని మూడవ నెపోలియన్ అడిగితే పాశ్చర్ పరిశోధించి, 1866లో ఒక గ్రంథమే ప్రకటించాడు. జబ్బు సూక్ష్మజీవులదని తేలింది. మందు మాత్రం పూర్తిగా అందడానికి మరో వందేళ్ళు పట్టింది. ఇరవయ్యో శతాబ్దం నడిమికి స్టెయిన్‌లెస్ స్టీలు తొట్టెలూ, వాటిని చల్లగా ఉంచే యంత్రాలూ వచ్చాయి. మండే ఎండల్లో పండిన చవక ద్రాక్ష నుంచి కూడా శుభ్రమైన, వాసన నిలిచిన తెల్ల వైను తీయడం సాధ్యమైంది. సామాన్యుడి గ్లాసుకు వైను చరిత్రలో జరిగిన మహోపకారం ఇదేనని నా అభిప్రాయం. దీని మీద కవిత్వం రాసినవాళ్ళు తక్కువ. ఓక్ పీపాల మీద మాత్రం బోలెడు.

ఇక్కడే మార్కుల పట్టిక ప్రవేశిస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో మేనార్డ్ అమెరిన్, ఆయన సహచరులు 1959లో ఇరవై మార్కుల పట్టిక ఒకటి తయారుచేశారు. రంగుకిన్ని, తేటదనానికిన్ని, వాసనకిన్ని, పులుపుకిన్ని, వెనిగర్ ఛాయ లేనందుకిన్ని అని పంచారు. జాగ్రత్తగా చూస్తే అది గొప్పదనాన్ని కొలిచే పట్టిక కాదు, దోషాలు పట్టే పట్టిక. మన ఆలంకారికులు కావ్యంలో ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని రుచుల పేర్లతో తరగతులు కట్టారు. అది ఆస్వాదించేవాడి భాష. అమెరిన్‌ది అచ్చుతప్పులు దిద్దేవాడి భాష. రెండూ అవసరమే, కాని ఒకదాని పని మరొకదానికి అప్పగిస్తేనే చిక్కు.

ఆ చిక్కు ప్రపంచానికి కనబడింది 1976 మే 24న. పారిస్‌లో వైను దుకాణం నడుపుతున్న స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషాయన, అమెరికా స్వాతంత్ర్యానికి రెండువందల ఏళ్ళు నిండుతున్న సందర్భంగా ఒక పోటీ ఏర్పాటు చేశాడు. మొదట తెల్లవి రుచి చూశారు. ఆరు కాలిఫోర్నియా షార్డొనేలు, నాలుగు బర్గండీలు, తొమ్మిదిమంది ఫ్రెంచి న్యాయనిర్ణేతలు, ఇరవై మార్కులు, పేర్లు కనబడని సీసాలు. మొదటి స్థానం షాటో మాంటెలీనా 1973కు వచ్చింది. తయారుచేసిన మైక్ గర్గిచ్ క్రొయేషియాలో పుట్టి కాలిఫోర్నియాకు వలస వచ్చినవాడు. మూడు, నాలుగు స్థానాలూ కాలిఫోర్నియావే. నాపా లోయ వైను నోట్లో పోసుకుని, అమ్మయ్య, మళ్ళీ ఫ్రాన్సుకు వచ్చాం అన్న పెద్దమనిషి సంగతి టైమ్ పత్రికలో వచ్చింది. ఫలితాలు చదివాక ఒక న్యాయనిర్ణేత తన మార్కుల కాగితం తిరిగి ఇచ్చేయమని పట్టుబట్టింది కూడా. ఈ కథ అందరికీ తెలిసిందే గనుక పొడిగించను. పేరూ ధరా నాలుకకు అడ్డు, వాటిని కప్పేస్తే నాలుక నిజం చెబుతుందని లోకం ఆ రోజు నమ్మింది. కాగితపు సంచి న్యాయదేవత కళ్ళగంత అయింది.

కాని ఆ నాలుకను ఎవరు పరీక్షించారు?

2001లో ముగ్గురు పరిశోధకులు మోరో, బ్రోషే, దుబోర్ద్యూ ఒక కొంటె ప్రయోగం ప్రకటించారు. సెమియోన్, సొవిన్యోన్ ద్రాక్షలతో చేసిన తెల్ల వైనులో వాసన లేని ఎర్ర రంగు కలిపి, వైను శాస్త్రం చదువుతున్న 54 మందికి ఇచ్చారు. అదే వైను తెల్లగా ఉన్నప్పుడు దానికి తెల్ల వైను మాటలు వాడిన విద్యార్థులు, రంగు మారేసరికి ఎర్ర వైనుకు వాడే మాటలు రాశారు. ముక్కు చెప్పవలసిన సాక్ష్యం కన్ను చెప్పింది. దీన్ని చూపించి నిపుణులంతా మోసగాళ్ళని తేల్చేసేవాళ్ళున్నారు. అది అన్యాయం. ఆ పిల్లలు అబద్ధమాడలేదు, వాళ్ళకు నిజంగానే అలా తోచింది.

ఇక రెండు డాలర్ల సీసా కథ. 2002లో ట్రేడర్ జోస్ దుకాణాల్లో చార్ల్స్ షా అనే వైను 1.99 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. కాలిఫోర్నియాలో అప్పట్లో ద్రాక్ష పండినంత అమ్ముడుపోక మిగిలిపోతూ ఉండేది. ఆ మిగులును చవకగా కొని సీసాల్లోకి ఎక్కించినవాడు బ్రాంకో సంస్థ అధిపతి ఫ్రెడ్ ఫ్రాంజియా. ఏ సీసా అయినా పది డాలర్లు దాటకూడదని బహిరంగంగా వాదించిన మనిషి, 2022లో కాలం చేశాడు. జనం ఆ వైనుకు ముద్దుగా "టూ బక్ చక్" అని పేరు పెట్టారు. 2007లో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శన పోటీకి దాని 2005 షార్డొనే వెళ్ళింది. 350 దాకా షార్డొనేల మధ్య 98 మార్కులతో డబుల్ గోల్డ్ గెలిచి, రాష్ట్రంలోనే ఉత్తమ షార్డొనే అనిపించుకుంది. డబుల్ గోల్డ్ అంటే బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళంతా ఏకగ్రీవంగా స్వర్ణం ఇవ్వడం.

సామాన్యులు పండగ చేసుకున్నారు. ఖరీదైన వైన్లవాళ్ళు మొహం చిట్లించారు. అంత భారీగా తయారయ్యే సరుకు ఒకే తొట్టెలోది కాదు గనుక, పోటీకి వెళ్ళిన సీసా, మనకు అంగట్లో దొరికే సీసా ఒకటేనా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కాని అసలు ప్రశ్న అప్పటికే అదే ప్రదర్శనలో, నిశ్శబ్దంగా, మరొకాయన వేస్తున్నాడు.

ఆయన రాబర్ట్ హాడ్జ్‌సన్, హంబోల్ట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి విరమించినవాడు, గణాంకాలు తెలిసినవాడు, ఒక చిన్న వైను కార్ఖానా యజమాని. తన వైనుకు ఒక పోటీలో స్వర్ణం రావడం, మరో పోటీలో అదే వైనుకు ఏమీ రాకపోవడం ఆయన్ను వేధించింది. ప్రదర్శనవారి అనుమతితో 2005 నుంచి 2008 దాకా ఏటా 65 నుంచి 70 మంది న్యాయనిర్ణేతలకు, వాళ్ళకు తెలియకుండా, మా మిత్రుడు నాకు పెట్టిన పరీక్షే పెట్టాడు. ముప్ఫై గ్లాసుల వరుసలో మూడు గ్లాసులు ఒకే సీసాలోవి. ఫలితం 2008లో అచ్చయింది. మూడుసార్లూ ఒకే పతకం స్థాయిలో నిలిచి మార్కులు వేయగలిగినవాళ్ళు పదిమందిలో ఒకరు. మరో పదోవంతు మంది అదే వైనుకు ఒకసారి కాంస్యం, ఒకసారి స్వర్ణం ఇచ్చారు. ఆ మరుసటి ఏడు ఆయనే పదమూడు పోటీల ఫలితాలు పక్కపక్కన పెట్టి చూశాడు. మూడు కంటే ఎక్కువ పోటీలకు వెళ్ళిన వైన్లు 2,440. వాటిలో 47 శాతానికి ఎక్కడో ఒకచోట స్వర్ణం వచ్చింది. అలా స్వర్ణం గెలిచినవాటిలో 84 శాతానికి మరోచోట ఏ పతకమూ రాలేదు. స్వర్ణం చాలావరకు అదృష్టమేనని ఆయన తేల్చాడు.

నా దృష్టికి మరో వాక్యం ముఖ్యం. అందరూ దాన్ని దాటేసి పోతారు. న్యాయనిర్ణేతలు తమకు నచ్చిన వైన్ల విషయంలో కంటే నచ్చని వైన్ల విషయంలో ఎక్కువ నిలకడగా ఉన్నారని హాడ్జ్‌సన్ రాశాడు. అంటే అమెరిన్ పట్టిక ఏ పనికి పుట్టిందో ఆ పని నాలుక బాగానే చేస్తున్నది. చెడ్డదాన్ని మళ్ళీ మళ్ళీ చెడ్డదనే చెబుతుంది. స్వర్ణం దగ్గరే తడబడుతుంది. "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అన్నవాళ్ళు ఒకే జిహ్వకు పూటకో రుచి అని కూడా అని ఉంటే సరిపోయేది. అలా చూస్తే టూ బక్ చక్ గెలుపులో వింత తగ్గుతుంది. స్టీలు తొట్టెల పుణ్యాన అది శుభ్రంగా ఉంది. శుభ్రంగా ఉండడమే లాటరీ టికెట్టు. టికెట్టున్న వందలమందిలో ఆ ఏడు దాని నంబరు తగిలింది. తగలకూడదనడానికి కారణమేమీ లేదు.

మరి ధరలో పేరుకున్న తీర్పు సంగతి? 2008లోనే గోల్డ్‌స్టీన్, ఆయన సహచరులు ఆరువేలకు పైగా మరుగు రుచుల లెక్కలు ప్రకటించారు. ధర తెలియనప్పుడు సామాన్యులకు ఖరీదైన వైను సగటున ఒక పిసరు తక్కువే నచ్చింది. శిక్షణ ఉన్నవాళ్ళ విషయంలో మాత్రం ఆ లెక్క అలా లేదు, ధరా ఇష్టమూ కొంత కలిసి నడిచే సూచనలు కనబడ్డాయి. కాబట్టి బోర్డో దళారులు పూర్తిగా తప్పు కాదు, వాళ్ళ జాబితా మనకోసం రాసింది కాదంతే.

ఇదంతా చదువుతుంటే నాకు గుర్తొచ్చింది వైను కాదు. చాలా ఏళ్ళ క్రితం ఒక కథల పోటీకి నేనొక న్యాయనిర్ణేతను. వారం రోజుల్లో డెబ్భై పైచిలుకు కథలు చదివాను. చివరి రోజు రాత్రి చదివిన ఒక కథకు తక్కువ మార్కులు వేసి పక్కన పెట్టాను. రెండేళ్ళకు అదే కథ ఒక పత్రికలో, పేరు గుర్తుపట్టకుండా చదివి, ఇంత మంచి కథ ఎవరు రాశారా అని ఆశ్చర్యపోయాను. పాత కాగితాలు వెతికితే నా దస్తూరీలో నా మార్కులు బయటపడ్డాయి. ఆ రచయిత నాకు తెలియదు, ఉత్తరం రాద్దామనుకున్నాను గాని ఏమని రాయాలో తోచలేదు. ఆ తర్వాత రెండు పోటీలకు పిలిస్తే ఒప్పుకోలేదు. మూడోసారి ఒప్పుకుని ఒక షరతు పెట్టాను: నాకిచ్చే కథల్లో ఒక మూడింటిని పేరు మార్చి, అక్షరాలు మార్చి, రెండోసారి కలిపి ఇవ్వాలి, ఏవో నాకు చెప్పకూడదు. నిర్వాహకులు నవ్వి, ఆఖరికి సరేనన్నారు. చదువుతూ ఒకదాన్ని మాత్రం గుర్తుపట్టాను. మిగిలిన రెండింటికీ వేసిన మార్కులు చూపించారు. ఒకదానికి రెండుసార్లూ ఆరు. మరొకదానికి తొలిసారి ఎనిమిది, మలిసారి ఐదు.

నిన్న దుకాణంలో ఏడు డాలర్ల షార్డొనే ఒకటి కొన్నాను. శుభ్రంగానే ఉంది.