మన తాతల పేర్లెక్కిన రిజిస్టర్‌లో ఇంకెవరున్నరు?

 

సైదాబాద్‌లో మేముండే రూముల్లో పోయిన ఏడాది ఒక సంగతి జరిగింది. మా తమ్ముడొకడు ముఖం చూపించకుండా ఇన్‌స్టాగ్రామ్‌లో రెండో అకౌంట్ పెట్టుకున్నడు. తనకు అబ్బాయిలంటేనే ఇష్టమని అక్కడ రాసుకున్నడు. తండాలో ఆ మాట చెప్పుకోవడానికి వాడికి మనిషి దొరకలేదు, ఫోన్‌లో తనలాంటోళ్ళు దొరికిన్రు. కానీ ఫోన్ నంబర్ ఒకటే కావడంతో ఆ అకౌంట్ మాలో ఒకరికి కనబడ్డది. స్క్రీన్‌షాట్ గ్రూపుల్లోకి పోయింది. మేం చూసినం, నవ్వినం, కొందరం ఫార్వర్డ్ కూడా చేసినం. వారం తిరగకుండానే తమ్ముడు రూము ఖాళీ చేసి పోయిండు.

మేం చేసిన పని ఎంత పాతదో తర్వాత చరిత్ర చదివితే తెలిసింది.

బ్రిటిష్ వాళ్ళు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం పేరు మనం విన్నదే. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల కుటుంబాల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కినయి. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం సెటిల్‌మెంట్ ఆ చట్టం కిందనే వచ్చింది. అయితే 1871 చట్టానికి రెండో భాగం ఉందని మనలో చాలామందికి తెలియదు. మొదటి భాగం తెగల మీద, రెండోది హిజ్రాల మీద. వాళ్ళకూ రిజిస్టరే.

హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వం 1329 ఫస్లీలో, అంటే 1919లో, హిజ్రాల మీద సొంతంగా ఇట్లాంటి చట్టమే చేసింది. అనుమానం ఉన్నోళ్ళ పేరు, ఇల్లు రిజిస్టర్‌లో రాస్తరు. ఆడబట్టలు కట్టి వీధిలో కనబడినా, ఆడినా పాడినా వారెంట్ లేకుండా అరెస్టు. శిక్ష రెండేండ్ల దాకా జైలు.

తెగల మీది చట్టం దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. నిజాం నాటి చట్టం మాత్రం అట్లనే మిగిలింది. వైజయంతి వసంత మొగ్లి మరికొందరితో కలిసి 2018లో హైకోర్టుకు పోతే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. మన తర్వాత 71 ఏండ్లకు!

ఈలోపు సుప్రీంకోర్టు మూడు మాటలు చెప్పింది. ఎవరి జెండర్ వాళ్ళే చెప్పుకోవచ్చని 2014లో, ఎవరిని ఇష్టపడతమన్నది సొంత విషయమని 2017లో, పెద్దవాళ్ళు ఇష్టపూర్వకంగా కలిసుంటే నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న.

తమ్ముడు తన పేరు తానే ఎంచుకుని, ఎవరికి చెప్పాలో తానే చూసుకున్నడు. మేం దాన్ని లాక్కుని పదిమందికీ చూపించినం. పోలీసోడు రిజిస్టర్‌తో చేసింది మేం ఫోన్‌తో చేసినం. దొంగల జాతి అనే మాట ఎట్ల కాలుస్తదో తెలిసిన బిడ్డలమై ఉండి చేసినం.

అన్నలారా, అక్కలారా, అట్లాంటి స్క్రీన్‌షాట్ మీదాకా వస్తే అక్కడనే ఆపండి. పంపినోడికి ఫోన్ చేసి తీసేయమని చెప్పండి. మీలోనే ఎవరైనా అట్లాంటి అకౌంట్ నడుపుతుంటే, సెట్టింగ్స్‌లో కాంటాక్టులు కలిపే ఆప్షన్ బంద్ చేసుకోండి.

తమ్ముడికి క్షమించమని రాసినం. ఇంకా జవాబు రాలే. వాడి మంచం ఖాళీగనే ఉంచినం.

జోహార్లతో,
సైదాబాద్ మిత్రులం