పవర్ టెయిల్‌గేట్ మొరాయిస్తే: మోటారు మార్చే ముందు చూడవలసినవి

మీట నొక్కగానే పైకి లేచి, మళ్లీ నొక్కితే తనంతట తానే మూసుకునే కారు వెనుక తలుపును పవర్ టెయిల్‌గేట్ అంటారు. జనం వాడుకలో అది డిక్కీ తలుపే. 2016లో భారత విపణిలోకి వచ్చిన ఫార్చ్యూనర్, ఎండెవర్ శ్రేణుల్లో ఈ సదుపాయం కనిపించింది. ఆ తరం వాహనాలు నేడు రెండో, మూడో యజమాని చేతిలో ఉన్నాయి. తలుపు సగంలో ఆగినా, మూసుకోబోయి తిరిగి తెరుచుకున్నా నింద ముందుగా మోటారుపైనే పడుతుంది. అది ఖరీదైన భాగం. నిజానికి అనుమానించవలసిన వరుసలో దాని స్థానం చివరిది.

చాలా నమూనాలలో తలుపు బరువును మోసేది మోటారు కాదు, ఇరువైపులా ఉండే గ్యాస్ స్ట్రట్లు లేదా స్ప్రింగులు. మెకానిక్కులు వీటిని షాకర్లంటారు. ఏళ్లు గడిచేకొద్దీ స్ట్రట్లలోని నైట్రోజన్ పీడనం తగ్గి, భారం మోటారుపై పడుతుంది. మోటారు వేగం మందగించడాన్ని నియంత్రణ యూనిట్ గమనించి, ఏదో అడ్డు తగిలిందని భావిస్తుంది. చేతులు నలగకుండా కాపాడే ఏర్పాటు ప్రకారం తలుపును ఆపుతుంది లేదా వెనక్కి తిప్పుతుంది. లోపం బలహీనపడిన స్ట్రట్‌ది, లక్షణం మాత్రం ఎలక్ట్రానిక్స్‌ది. చలికాలపు ఉదయం నిలవని తలుపు మధ్యాహ్నం ఎండలో బాగానే నిలిస్తే స్ట్రట్లనే అనుమానించాలి. చలికి వాయు పీడనం ఇంకా తగ్గుతుంది.

ఇది కేవలం అసౌకర్యం కాదు. అరిగిన స్ట్రట్ల వల్ల తలుపు హఠాత్తుగా మనుషులపై పడే ప్రమాదముందని 2015లో జనరల్ మోటార్స్ ప్రధానంగా ఉత్తర అమెరికాలో సుమారు 7.8 లక్షల వాహనాలను వెనక్కి పిలిపించింది. కాబట్టి తలుపు కింద పని చేసేటప్పుడు గట్టి కర్రను ఊతంగా పెట్టుకోవడం తప్పనిసరి. స్ట్రట్లను జతగానే మార్చాలి. పాతవాటికి రంధ్రం చేయడం, వేడి చేయడం ప్రాణాంతకం.

అంతకంటే ముందు ఖర్చులేని పరీక్షలు కొన్ని ఉన్నాయి. తలుపు ఎంత ఎత్తుకు లేవాలో నిర్ణయించే అమరిక చాలా కార్లలో ఉంటుంది. పాత యజమాని తన గ్యారేజీ కప్పుకు తగినట్టు పెట్టుకున్న ఎత్తే కొత్తవారికి లోపంగా తోచవచ్చు. కొన్ని కార్లలో ఈ వ్యవస్థను పూర్తిగా ఆపే స్విచ్ గ్లవ్ బాక్స్‌లో దాగి ఉంటుంది. బ్యాటరీనీ చూడాలి: విశ్రాంతిలో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే సుమారు 12.6 వోల్టులు చూపుతుంది, 12 చూపితే దాదాపు ఖాళీ అయినట్టే. బ్యాటరీ విప్పి పెట్టిన తరువాత తలుపు స్థానాన్ని యూనిట్ మరచిపోవడమూ మామూలే. తలుపును చేత్తో పూర్తిగా మూసి, మాన్యువల్‌లో చెప్పిన విధంగా తిరిగి నేర్పించాలి.

పాత కార్లలో తరచుగా దొరికే మరో దోషి, కప్పుకూ తలుపుకూ నడుమ రబ్బరు గొట్టంలో సాగే తీగల కట్ట. వేలసార్లు మడతపడి తీగలు లోలోపలే తెగుతాయి. నంబరు ప్లేటు దీపం, వెనుక వైపర్, కెమెరా కూడా అప్పుడప్పుడు పనిచేయకుంటే ముందుగా విప్పవలసింది ఆ గొట్టాన్నే. అతుకు మడత పడని చోట వేయాలి, లేకుంటే అతుకు పక్కనే మళ్లీ తెగుతుంది.

పూర్తిగా మూసుకున్నాక మళ్లీ తెరుచుకుంటే, లాచ్‌లో పేరుకున్న దుమ్మునూ, తలుపు అంచుల వెంట ఉండే స్పర్శ పట్టీ చిరుగునూ పరిశీలించాలి.

మూసుకోని తలుపును తాడుతో కట్టి ప్రయాణించకూడదు. పొగగొట్టం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది, దానికి వాసన ఉండదు. తలుపు అసలే తెరుచుకోకపోతే, వెనుక సీట్లు మడిచి లోపలికి వెళ్లి తలుపు లోపలి ప్యానెల్‌ను గమనించాలి. చాలా నమూనాలలో లాచ్ దగ్గర ఒక చిన్న మూత ఉంటుంది. దాన్ని తీసి స్క్రూడ్రైవర్‌తో లాచ్‌ను చేత్తోనే విడిపించవచ్చు.