ఒక విడతకు ఎన్ని?

సరుకు నిల్వ పాఠం ఏ తరగతిలో మొదలైనా విద్యార్థి ముందుగా నేర్చేది ఒక వర్గమూలం. ఏడాదికి 3,600 వస్తువులు కావాలి. ఆర్డరు పెట్టిన ప్రతిసారీ 200 రూపాయల ఖర్చు. ఒక వస్తువును ఏడాది పాటు గోదాములో ఉంచితే 16 రూపాయలు. 3,600ను 200తో గుణించి, రెట్టింపు చేసి, 16తో భాగించి వర్గమూలం తీస్తే 300. విడతకు అన్ని తెప్పిస్తే చాలు, మార్కులు పడతాయి.

దీన్ని చాలాకాలం విల్సన్ సూత్రం అన్నారు. ఆర్.హెచ్. విల్సన్ 1934లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసి దాన్ని వ్యాప్తిలోకి తెచ్చిన మాట నిజమే. కానీ 1913 ఫిబ్రవరిలోనే ‘ఫ్యాక్టరీ’ అనే అమెరికా పత్రికలో ఫోర్డ్ విట్‌మన్ హారిస్ ఈ లెక్క తేల్చేశాడు. కాలేజీ గడప తొక్కని ఇంజనీరాయన. తర్వాత పేటెంట్ లాయరయ్యాడు. ఆయన్ను వేధించింది ఫ్యాక్టరీలో రోజూ ఎదురయ్యే చిక్కే. యంత్రాన్ని ఒక భాగం తయారీ నుంచి మరోదానికి మార్చి బిగించడానికి ఖర్చవుతుంది. ఇదే సెటప్ ఖర్చు, పై లెక్కలో 200 రూపాయల స్థానంలో నిలిచేది. ఆ ఖర్చుకు జడిసి ఒకేసారి వేలకొద్దీ చేసి పెడితే డబ్బంతా స్టోర్సులో ఇరుక్కుపోతుంది. ఆ వ్యాసం ఎంతగా మరుగున పడిందంటే, దాని కథను డోనాల్డ్ ఎర్లెంకోటర్ 1990లో వెలికితీసి రాయాల్సి వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత గణితజ్ఞులు, ఆర్థికవేత్తలు రంగంలోకి దిగారు. గిరాకీ ఎంతో ముందే తెలియకపోతే ఏం చేయాలన్నది 1951లో ఆరో, థియొడర్ హారిస్, మార్షక్‌ల ప్రశ్న. నిల్వ ఒక మట్టానికి పడిపోగానే పై మట్టం దాకా నింపడమే మేలని 1960లో స్కార్ఫ్ నిరూపించాడు. మన కిరాణా కొట్లవాళ్లు దీన్ని ఏ నిరూపణా లేకుండానే చేస్తుంటారనుకోండి!

ఇంతమంది ఇన్ని మెరుగులు దిద్దినా, ఆ 200 రూపాయలను మాత్రం ఎవరూ ప్రశ్నించలేదు. అది లెక్కలో ‘ఇచ్చిన’ విలువ. సమస్యా సాధనపై జార్జ్ పోల్యా 1945లో రాసిన పుస్తకం కూడా దత్తాంశం ఏమిటో చూడమంటుంది. తరగతి గదిలో అది చాలు. ఆ ఇచ్చిన విలువనే మార్చే వీలుందా అని అడిగింది జపాన్‌లో టయోటా షాపుఫ్లోరు. 1,000 టన్నుల ప్రెస్సుకు అచ్చు మార్చడానికి అక్కడ 4 గంటలు పట్టేది. 1969 ప్రాంతంలో షిగెయో షింగో దాన్ని ముందు గంటన్నరకు, ఆపైన 3 నిమిషాలకు దించాడు. యంత్రం ఆపకుండా ముందే చేసుకోదగ్గ పనుల్ని విడదీయడమే అందులో కిటుకు. ఇక్కడ సూత్రం తప్పిందేమీ లేదు: 200ను 50 చేయండి, విడత 300 నుంచి 150కి దిగుతుంది, గోదామూ సగం ఖాళీ అవుతుంది.

సెటప్ ఖర్చు తగ్గించడానికి ఎంత పెట్టుబడి పెట్టవచ్చో అదే సూత్రంలో ఇమిడ్చి ఇవాన్ పోర్టియస్ వ్యాసం రాసింది 1985లో. అప్పటికి ఫోర్డ్ హారిస్ వ్యాసానికి 72 ఏళ్లు.