గోదావరి మీద ఆగిపోయిన పొగపడవలు



ఈ వారం మన గోదావరి చరిత్రలోని ఒక సంగతి మీతో పంచుకోవాలని ఉంది. కాటన్ దొర అనగానే అందరికీ ధవళేశ్వరం ఆనకట్ట గుర్తొస్తుంది. ఆయన పెట్టుకున్న ఇంకో పెద్ద ఆశ నెరవేరలేదన్న సంగతి చాలామందికి తెలియదు. సముద్రం నుంచి మధ్య ఇండియా దాకా గోదావరి మీద ఆవిరి పడవలు నడపాలన్నది ఆ ఆశ.

ముందు ఆనకట్ట సంగతి చూద్దాం. 1833 నాటి కరువు మన జిల్లాలను ఊడ్చేసింది. 1839లో తుఫాను కోరంగి ప్రాంతాన్ని ముంచేసింది. నది నిండా నీళ్లు పారుతున్నా పొలాలు మాత్రం ఎండిపోయేవి. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేయించాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, మధ్యలో లంకలను కలుపుకుంటూ కట్టారు. వేలాది మంది కూలీలు అక్కడ చేరారు. గోదావరి డెల్టా మిషన్ సేవకులు ఆ కూలీల మధ్య సువార్త చెప్పారు. డెల్టాలో మన సంఘాల వేర్లు కొన్ని ఆ రాళ్ల గుట్టల దగ్గరే ఉన్నాయి.

కాటన్ కాలువలు తవ్వించింది సాగుకోసమే కాదు, పడవలు నడవడానికి కూడా. అందుకే మన కాలువల మీద లాకులు కనిపిస్తాయి. లాకు అంటే రెండు తలుపుల మధ్య ఉన్న గది. పడవ లోపలికి రాగానే తలుపు మూసి, నీళ్లు నింపి గాని వదిలి గాని, పడవను పై మట్టానికో కింది మట్టానికో చేరుస్తారు. ధాన్యం, ఉప్పు, కలప, మనుషులు అందరూ ఈ దారినే వెళ్లేవారు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపింది.

రైలు కంటే నీటి దారి ఎంతో చవక అని కాటన్ గట్టిగా నమ్మాడు. నాగపూరు, బీరారుల పత్తి గోదావరి మీదుగా సముద్రానికి రావాలి, తీరంలోని ఉప్పు పైకి వెళ్లాలి. ఇదీ ఆయన ఆలోచన. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందక పోయేసరికి, ఈ ఆలోచనకు బలం వచ్చింది.

అడ్డమల్లా నదే. వేసవిలో ఇసుక మేటలు బయటపడి నీరు పలచబడుతుంది. కాబట్టి తక్కువ లోతులో తేలే పడవలే కావాలి. వరదల్లో పాపికొండల సందున వచ్చే వడికి ఎదురెక్కడం కష్టం. వీటన్నిటినీ మించి నదిలో రాతి మెట్టలు అడ్డుగా ఉన్నాయి. మొదటిది భద్రాచలానికి పైన సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం దగ్గర. రెండోది ఇచ్చంపల్లి దగ్గర. మూడోది ఇంకా పైన, ప్రాణహిత మీద. ప్రతి చోటా రాతిని తప్పించి పక్కగా కాలువ తవ్వాలి, లాకులు కట్టాలి. అడవి జ్వరాలు పనివాళ్లను పట్టుకున్నాయి. ఖర్చు పెరుగుతూ పోయింది. ఇంతలో 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. పత్తి ఆ దారి పట్టింది. 1871లో ప్రభుత్వం ఈ పనిని మానేసింది.

రాజమండ్రి రేవులో పడవలు పూర్తిగా ఆగిపోలేదు. భద్రాచలం వైపు లాంచీలు నడిచాయి, కొవ్వూరుకు రేవు దాటించడానికి పడవలు ఉండేవి. 1900లో హేవలాక్ వంతెన మీద రైలు నది దాటింది, 1974లో రోడ్డు-రైలు వంతెన వచ్చింది. ఆ తరువాత రేవు పాత వైభవం తగ్గింది. మధ్య ఇండియాకు పొగపడవ వెళ్లే రోజు మాత్రం రానే లేదు.

సహోదరులారా, లెక్కల పుస్తకం ఇక్కడ మూసేయవచ్చు. నష్టం అని రాసి మూసేయవచ్చు. కానీ దుమ్ముగూడెంలో ఇంకో సంగతి జరిగింది.

ఆ రాతి మెట్టల దగ్గర పని చూసిన ఇంజనీరు హెయిగ్ అనే విశ్వాసి. చుట్టూ ఉన్న కోయవారి భారం ఆయన మనసులో పడింది. ఆయన దగ్గర పనిచేసిన వెంకటరామరాజు గారు 1860ల మొదట్లో ప్రభువును అంగీకరించి బాప్తిస్మం పొందారు, ఆ తరువాత కోయల మధ్య పరిచర్యకు తన్ను తాను అప్పగించుకున్నారు. అలా మొదలైన పనిని చర్చి మిషనరీ సొసైటీ చేపట్టింది. జాన్ కెయిన్ దంపతులు ఆ జ్వరాల ఊళ్లోనే ఏళ్ల తరబడి ఉండి పనిచేశారు. ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పారు. పడవల కోసం కట్టిన కట్టడాలు పాడుబడ్డాయి, సంఘం మాత్రం నిలిచింది.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం గుర్తు చేసుకోండి. పౌలు బితూనియకు వెళ్లాలనుకున్నాడు, ఆత్మ వెళ్లనివ్వలేదు. మాసిదోనియకు వెళ్తే, ఫిలిప్పీలో ఏటి ఒడ్డున ప్రార్థనకు కూడిన స్త్రీలలో లూదియ దొరికింది. మూసుకున్న దారి వెనక దేవుడు ఎప్పుడూ మనం అనుకున్నదే ఉంచుతాడని దీని అర్థం కాదు. లూకా 14లో గోపురం కట్టేవాడు ముందు ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పాడు. గోదావరి పనిలో ఆ లెక్క తప్పింది, దానికి అడవిలో ప్రాణాలు పోయిన కూలీలున్నారు. వాళ్ల పేర్లు ఏ రాయి మీదా లేవు. ఆ బాధను తేలిక చేసి, అంతా మేలుకే అని చెప్పేయడం మనకు తగదు.

అయితే 1 కొరింథీ 3వ అధ్యాయం ఒక మాట నేర్పుతుంది. నాటడం, నీళ్లు పోయడం మన పని, పెంచేది దేవుడు. హెయిగ్‌కు జీతం ఇచ్చింది పడవల కోసం, ఆయన చేతికి దేవుడు అప్పగించింది మాత్రం పక్కనున్న మనిషిని కూడా.

మనలో రొయ్యల చెరువు పోయి అప్పుల్లో ఉన్నవారు ఉన్నారు. గల్ఫు నుంచి ఖాళీ చేతులతో వచ్చినవారు ఉన్నారు. పిల్లవాడి చదువు మధ్యలో ఆగిపోయిన తల్లిదండ్రులున్నారు. ఆ పని ఆగిపోయిందన్నది నిజం. ఆ పని చేస్తుండగా మీ పక్కన ఎవరు ఉన్నారో ఒకసారి ఆలోచించండి. వాళ్లకు మీరు చూపిన ప్రేమ ఏ లెక్కలోనూ నష్టం కాదు. ఈ వారం ఆ ఒక్క మనిషిని వెళ్లి పలకరించండి, ఫోన్ అయినా చేయండి.

ఆగిపోయిన పనుల మధ్య నిలబడి ఉన్న ప్రతి ఇంటిని ప్రభువు ఆదరించును గాక. ఆమేన్.