గడువుల చరిత్ర: కిస్తు నుంచి డిజిటల్ క్యాలెండర్ వరకు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• నూజివీడు ప్రాంతంలో పంచాంగం, ఫసలీ, విద్యా సంవత్సరం పక్కపక్కనే ఎందుకు నడిచాయో వివరించగలుగుతారు.
• డిజిటల్ క్యాలెండర్ ఎదుగుదలలోని ముఖ్య దశలను గుర్తించగలుగుతారు.
• అసైన్‌మెంట్ల గడువులను పాటించడంలో దాని ఉపయోగాన్ని, పరిమితులను అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

క్యాలెండర్ రోజుల పట్టిక మాత్రమే కాదు. ఏ పని ఎప్పటికి పూర్తి కావాలో, ఆ గడువును ఎవరు నిర్ణయించారో కూడా అది తెలుపుతుంది. ఈ దృష్టితో చూస్తే క్యాలెండర్ చరిత్ర అధికార చరిత్రలో ఒక భాగం అవుతుంది. దీనిని అర్థం చేసుకోవడానికి మామిడి తోటలకు పేరుపొందిన నూజివీడును ఉదాహరణగా తీసుకుందాం.

2. ఒకే ఊరు, మూడు సంవత్సరాలు

తెలుగువారి పంచాంగ సంవత్సరం చైత్ర శుద్ధ పాడ్యమితో, అంటే ఉగాదితో మొదలవుతుంది. పండుగలు, ముహూర్తాలు, వ్యవసాయ పనులకు కార్తెలు దీని ప్రకారమే చూస్తారు.

రెవెన్యూ లెక్క వేరు. పంట చేతికి వచ్చే కాలానికి శిస్తు వసూలును సరిపెట్టడానికి మొగలుల కాలంలో ఫసలీ సంవత్సరం ఏర్పడింది. 'ఫసల్' అంటే పంట. మద్రాసు ప్రెసిడెన్సీలో అది జూలై 1న మొదలయ్యేది. క్రీస్తు శకం నుంచి 590 తీసివేస్తే, ఆ ఏడాది జూలైలో మొదలయ్యే ఫసలీ వస్తుంది. ఉదాహరణకు 2024 జూలై 1న ఫసలీ 1434 మొదలైంది. రెవెన్యూ రికార్డులలో ఈ లెక్క నేటికీ కనిపిస్తుంది.

మూడవది విద్యా సంవత్సరం. మన పాఠశాలలు జూన్‌లో తెరుచుకుని ఏప్రిల్‌లో మూతపడతాయి. రసాలు, బంగినపల్లి కోతకు వచ్చే రోజులలో పిల్లలకు వేసవి సెలవులు ఉంటాయి. దూరవిద్యలో చదివే రైతుకు, కూలీకి, వ్యాపారికి మాత్రం ఈ వెసులుబాటు అన్నిసార్లూ దొరకదు. కోత, అసైన్‌మెంటు ఒకే వారంలో ఎదురుపడవచ్చు.

3. గడువు తప్పితే

1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రవేశపెట్టిన శాశ్వత శిస్తు పద్ధతిలో జమీందారు ప్రభుత్వానికి పేష్‌కష్‌ను కిస్తులుగా చెల్లించాలి. బకాయి పడితే ఎస్టేటును వేలం వేసే అధికారం ప్రభుత్వానికి ఉండేది. ఆ ఒత్తిడి జమీందారు నుంచి రైతు మీదికి దిగేది. వాన పడినా పడకపోయినా కిస్తు తేదీ మారదు. నూజివీడు కూడా జమీందారీ ప్రాంతమే. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ వ్యవస్థ ముగిసింది. 'కిస్తు కట్టాలి' అనే మాట మాత్రం అప్పుల లెక్కలలో ఇంకా బతికే ఉంది.

స్వాతంత్ర్యానంతరం దేశమంతటికీ ఒకే పౌర క్యాలెండర్ కోసం మేఘనాద్ సాహా అధ్యక్షతన క్యాలెండర్ సంస్కరణ సంఘం పనిచేసింది. దాని సిఫారసుపై 1957 మార్చి 22న శక జాతీయ క్యాలెండర్ అమలులోకి వచ్చింది. ప్రజల వాడుకలో మాత్రం పంచాంగం, ఇంగ్లీషు తేదీలే నిలిచాయి. ఈ రెండింటినీ ఒకే గడిలో చూపిన గోడ క్యాలెండరు ఇంటింటా చేరింది. పాల లెక్క, గ్యాస్ బుకింగ్ తేదీ ఆ గడులలోనే రాసుకునేవారు. క్యాలెండర్‌లో సొంత పనులు రాసుకునే అలవాటు ఫోన్‌తో పుట్టినది కాదు.

4. డిజిటల్ క్యాలెండర్

వేర్వేరు కంప్యూటర్లు తేదీలను ఒకదానితో మరొకటి పంచుకోవడానికి 1998లో 'ఐక్యాలెండర్' ప్రమాణం వెలువడింది. ఇందులో జరగబోయే కార్యక్రమం, చేయవలసిన పని, గుర్తుచేసే అలారం వేర్వేరు అంశాలు. పనికి గడువు తేదీని జోడించవచ్చు. గూగుల్ క్యాలెండర్ 2006లో, గూగుల్ క్లాస్‌రూమ్ 2014లో వచ్చాయి. క్లాస్‌రూమ్‌లో ఉపాధ్యాయుడు గడువు పెట్టిన అసైన్‌మెంటు విద్యార్థి క్యాలెండర్‌లో దానంతట అదే కనిపిస్తుంది. 2020లో కరోనా వల్ల తరగతి గదులు మూతపడినప్పుడు ఇటువంటి సాధనాల అవసరం బాగా తెలిసివచ్చింది.

నూజివీడులో దీనికి ముందే ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ తన మూడు ప్రాంగణాలలో ఒకదానిని ఇక్కడ నెలకొల్పింది. మిగిలినవి ఇడుపులపాయ, బాసర. పదవ తరగతి మార్కులతో ఎంపికైన గ్రామీణ విద్యార్థులు ఆరేళ్ల సమీకృత కోర్సులో చేరి, ల్యాప్‌టాప్ మీద పాఠాలు చదివారు. బడి గంటకు అలవాటుపడిన పిల్లలకు తమ సమయాన్ని తామే చూసుకోవలసిన అవసరం ఏర్పడింది.

5. ఉపయోగం, పరిమితులు

1982లో హైదరాబాదులో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైనప్పటి నుంచి దూరవిద్య విద్యార్థిది ఇదే పరిస్థితి. గంట కొట్టేవారు ఉండరు. కాబట్టి చివరి తేదీ ఒక్కటే నమోదు చేస్తే చాలదు. అక్కడి నుంచి వెనక్కి లెక్కించి చదవడానికి, చిత్తుప్రతికి, శుద్ధప్రతికి వేర్వేరు తేదీలు వేసుకోవాలి. కోత రోజులను కూడా అదే క్యాలెండర్‌లో ముందుగా గుర్తించాలి. అప్పుడే రెండు పనులు ఎక్కడ ఢీకొంటాయో ముందే తెలుస్తుంది.

అయితే క్యాలెండర్ గుర్తు చేయగలదే కాని తీరిక ఇవ్వలేదు. ఇంట్లో ఒకే ఫోన్‌ను నలుగురు వాడే చోట అలారం ఎవరి చేతిలో మోగుతుందో చెప్పలేం. అటువంటివారికి గోడ క్యాలెండరు నేటికీ నమ్మకమైన సాధనమే.

6. సారాంశం

పంచాంగం గడువును ప్రకృతితో, ఫసలీ ప్రభుత్వ ఖజానాతో, విద్యా సంవత్సరం బడితో ముడిపెట్టాయి. డిజిటల్ క్యాలెండర్‌లో చివరి తేదీని ఇంకా సంస్థే నిర్ణయిస్తుంది. ఆ తేదీకి ముందున్న రోజులను పంచుకునే వీలు మాత్రం విద్యార్థి చేతికి వచ్చింది.

మీ అభ్యసనాన్ని సమీక్షించుకోండి

1. ఫసలీ సంవత్సరం ఏ అవసరం కోసం ఏర్పడింది?
2. కిస్తు గడువుకు, అసైన్‌మెంటు గడువుకు గల పోలికలను, తేడాలను చర్చించండి.
3. మీ ఇంటి పనులను, ఈ సెమిస్టర్ అసైన్‌మెంట్లను ఒకే క్యాలెండర్‌లో నమోదు చేసి, ఢీకొనే వారాలను గుర్తించండి.