సూర్యుడికి వీపు పెట్టి

జూలై. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నాం. ఒక మలుపు తిరిగేసరికి మబ్బు వచ్చి కారు అద్దం మీదే వాలింది. డ్రైవరు లైట్లు వేసి, మలుపు మలుపుకూ హారన్ కొడుతూ పోతున్నాడు. అద్దం దించండి. తడిసిన ఆకుల వాసన లోపలికొస్తుంది. ఎక్కడో నీళ్లు దూకుతున్నాయి, చప్పుడే తప్ప జాడ లేదు.

దిగగానే కెమెరా పైకెత్తారు, లెన్స్ నిండా ఆవిరి. ఏసీలో చల్లబడిన గాజు మీద బయటి తేమ పట్టింది. తుడవకండి, తుడిచేకొద్దీ పడుతుంది. కెమెరాను సంచిలో పెట్టి బయటి వేడికి అలవాటు పడనివ్వండి. ఈలోగా టీ తాగుదాం.

ఈ కాలంలో సూర్యుడి కోసం ఎదురుచూసే పని లేదు. మబ్బు వెలుగులో నీడలుండవు, కొండ ఎటు చూసినా ఒకేలా వెలుగుతుంది. వానలో పోలరైజర్ ఎందుకని చాలామంది దాన్ని ఇంట్లో వదిలేసి వస్తారు. నిజానికి దాని అవసరం ఇప్పుడే. తడి ఆకు మీద ఆకాశపు తెల్లటి మెరుపు ఉంటుంది. ఫిల్టరు మెల్లగా తిప్పి చూడండి. ఆ మెరుపు తొలగి, కింది పచ్చదనం బయటపడుతుంది.

అరకు వైపు మెట్లు మెట్లుగా వరి మళ్లు. ప్లాస్టిక్ కవర్లు తలకు చుట్టుకుని ఆడవాళ్లు నాట్లు వేస్తున్నారు. పక్కన వాగు ఎర్రటి నీళ్లతో ఒరుసుకుపోతోంది. షట్టరు అరసెకను తెరిచి నీళ్లను దూదిలా చేసే ఫ్యాషన్ ఒకటుంది. వానాకాలపు వాగుకు అది నప్పదంటాను. దాని బలమంతా ఆ విసురులోనే ఉంది. సెకనులో ఐదు వందలో వంతు పెట్టి, నీళ్లు రాతిని కొట్టి చిందే క్షణాన్ని పట్టుకోండి.

అక్టోబరు చివరికి వానలు తగ్గుముఖం పట్టాయి. అదే రోడ్డు పక్కన ఇప్పుడంతా పసుపు, వలిసె పూలు. గింజల నుంచి నూనె తీసే పంట ఇది. ఫొటోకు దిగేవాళ్లను రైతు పదో ఇరవయ్యో అడుగుతున్నాడని కొందరు విసుక్కుంటారు. తొక్కిన ప్రతి మొక్కా ఆయన నూనె గింజే, అడగడంలో తప్పేముంది? గట్టు దిగకుండా మోకాళ్ల మీద కూర్చోండి. సూర్యుడు ఎదురుగా, పూల వెనక ఉండాలి. వెలుగు రేకులోంచి దూరి వస్తేనే ఆ పసుపు రంగేమిటో తెలుస్తుంది. తేనెటీగలు మనల్ని పట్టించుకోవు, వాటి పని వాటిది.

డిసెంబరు. తెల్లవారుజామున నాలుగున్నర. పాడేరు దాటి వంజంగి కొండ మొదట్లో దిగాం. చలి ముందుగా చెవులను పట్టుకుంది. పైదాకా సెల్‌ఫోన్ లైట్ల వరస. ముందు పోతున్న కుర్రాళ్లు స్పీకర్లో సినిమా పాటలు పెట్టారు. వెనక ఒకావిడ "ఇంకెంత దూరమండీ?" అని కనిపించినవాళ్లనల్లా అడుగుతోంది. మట్టి మంచుకు తడిసి జారుతోంది. ట్రైపాడ్ భుజాన మోయకండి, చేతికర్రగా పట్టుకోండి. రెండో బ్యాటరీ చొక్కా జేబులో వేసుకోండి. చలికి తొందరగా దిగిపోతుంది, ఒంటి వేడి తగిలితే కాస్త నిలబడుతుంది.

పైన పొయ్యి వెలిగించి టీ అమ్ముతున్నారు. ముందొచ్చినవాళ్లు అంచున చోటు పట్టేశారు. లోయ ఉండాల్సిన చోట నలుపు తప్ప ఏమీ లేదు. ఆరు కొట్టేసరికి ఆ నలుపు బూడిదరంగుకు, ఆపైన తెలుపుకు తిరుగుతోంది. ఇంతసేపూ మన కాళ్ల కింద లోయ నిండా ఉన్నది మంచేనని అప్పుడు తెలుస్తుంది. కొండల తలలు మాత్రం పైకి తేలి ఉన్నాయి.

వంజంగిని మేఘాల కొండ అంటారు గానీ చాలా ఉదయాల్లో ఈ మేఘం లోయలోనే పుట్టింది. రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల వేడి పైకి పోతుంది. వాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది, అందులోని తేమ సన్నటి నీటి బిందువులవుతుంది. పైన వెచ్చటి గాలి పొర ఉండడంతో ఆ మంచు లేచిపోలేదు. గాలి గట్టిగా వీచినా, రాత్రంతా మబ్బు కప్పినా ఇది కుదరదు. వాన వెలిసి, ఆకాశం తేటపడి, గాలి ఆగిన మర్నాటి ఉదయాన్ని నమ్ముకోండి.

తూర్పు ఎర్రబడింది. చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. కెమెరాను దాని మానాన వదిలేస్తే ఈ తెలుపును బూడిదరంగు చేస్తుంది, ఎదురుగా ఏమున్నా మధ్యరకానికి లాగడమే దాని లైట్ మీటరు పని. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి. సూర్యుడు ఫ్రేములోకి రాగానే ఆ పెంపు తీసేయండి, లేకుంటే ఆకాశం తెల్లగా కాలిపోతుంది. తీశారా? ఇదే ఫొటో పక్కనున్న అందరి ఫోన్లలోనూ ఉంది.

ఇక వెనక్కి తిరగండి.

వాలంతా కాఫీ తోట. సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. తొలి వెలుగు ఏటవాలుగా వచ్చి ఒక్కో బోదెకు ఒక పక్క బంగారం పూసింది. నీడలో ఉన్నచోట ఇంకా నీలం. కాఫీ పళ్లు ఎర్రగా పండి ఉన్నాయి. సంచులు నడుముకు కట్టుకుని నలుగురు ఆడవాళ్లు కోతకు వెళ్తున్నారు, సూర్యోదయం వైపు ఒక్కరూ చూడడం లేదు. అంచు నుంచి తీసిన మంచు ఫొటో ఏ దేశపు కొండదైనా కావచ్చు, ఇది మాత్రం పాడేరుదే. ఈ కొండల కాఫీకే అరకు లోయ అరబికా పేరుతో 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. డబ్బా మీద ఆ పేరు చదివేవాళ్లు చూడాల్సిన ఉదయమిది. ఆ ఆడవాళ్లను అడగండి, తలూపితేనే తీయండి.

ఈ వెలుగు ఏడాదంతా ఇక్కడే పడుతుందనుకోకండి. ఇప్పుడు ఆగ్నేయం వైపు జరిగి లేచిన సూర్యుడు జూన్‌కు ఈశాన్యం వైపు పోతాడు. రెంటికీ మధ్య సుమారు 50 డిగ్రీల తేడా. ఇవాళ వెలిగిన గట్టు అప్పుడు నీడలో ఉంటుంది. కొండ తెలిసిన ఫొటోగ్రాఫరంటే నా దృష్టిలో ఆ గట్ల లెక్క తెలిసినవాడు. లెన్సుల లెక్క తర్వాత.

ఏప్రిల్. అందరూ ఈ నెలలో కొండలు బాగుండవంటారు. దుమ్ము, పైగా పోడు పొగ. దూరపు కొండలు ఒకదాని వెనకొకటి పలచబడుతూ చివరికి ఆకాశంలో కలిసిపోతున్నాయి. రంగు లేదు, ఉన్నవన్నీ బూడిదలో ఛాయలు. పెద్ద లెన్సు బిగించి నలుపు తెలుపులో తీయండి, పొగ కూడా పనికొస్తుంది. అయితే కాలుతున్న వాలు ఫొటో కింద అడవి నాశనమని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. అది ఏ ఇంటి సామలకో, చోళ్లకో సిద్ధమవుతున్న నేల. ఆ సంగతి రాయకపోతే ఫొటో అబద్ధమాడినట్టే.

కాఫీ తోటలోకి వచ్చాం. మల్లెల్లాంటి వాసన ఎక్కడినుంచో వస్తోంది, కొమ్మల మీద మాత్రం వాడి గోధుమరంగుకు తిరిగిన గుత్తులే. వేసవి తొలి జల్లు పడ్డాక తొమ్మిది, పది రోజులకు పూస్తుంది అరబికా. ఆ తెలుపు నిలిచేది రెండు మూడు రోజులే. తోట ఆసామి నవ్వుతూ గట్టు పైకి చెయ్యి చూపించాడు.

"ఇక్కడయిపోయిందండి. పైతోటకి జల్లు ఆలస్యంగా పడింది. ఎల్లుండి దాకా ఉండిపోండి బాబూ, తెల్లగా విరగబూస్తాది. రేపెల్లిపోతే మీకేటి కనబడతాది?"

లాడ్జికి ఫోన్ చేసి గది ఇంకో రెండు రోజులు ఉంచమన్నాం.