ముఖవిలువకి పైన

ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కాలేజీ 1945లో మొదలైంది. కట్టమంచి రామలింగారెడ్డిని మనం 'కవిత్వతత్త్వ విచారము' రాసిన విమర్శకుడిగానే తలుచుకుంటాం. ఆయన తెలుగులో అర్థశాస్త్రం మీద కూడా పుస్తకం రాశాడు. కాబట్టి ఆయన పేరున్న కాలేజీతో మొదలుపెట్టి, చదువుకి పెట్టుబడి ఎలా వచ్చిందో మాట్లాడుకోవచ్చు.

ముందు ఒక లెక్కల పదం: సెక్యూరిటీస్ ప్రీమియం. అమెరికన్ కంపెనీలు దీన్నే అడిషనల్ పెయిడ్-ఇన్ క్యాపిటల్ అంటాయి. 10 రూపాయల ముఖవిలువ ఉన్న కొత్త షేరుని కంపెనీ 500కి అమ్మిందనుకోండి. బ్యాలెన్స్ షీట్‌లో 10 షేర్ క్యాపిటల్ కింద, మిగతా 490 ప్రీమియం కింద పడతాయి. అది లాభం కాదు, మూలధనమే. అందుకే 2013 కంపెనీల చట్టం 52వ సెక్షన్ దాన్ని డివిడెండుగా పంచనివ్వదు. బోనస్ షేర్లు, బైబ్యాక్ లాంటి కొద్ది పనులకే వాడుకోనిస్తుంది. ఆ 490 రూపాయలూ కంపెనీ భవిష్యత్తు మీద నమ్మకానికి కట్టిన ధర.

మన చదువుల చరిత్రలో ఈ నమ్మకానికి మూడు రూపాలు కనిపిస్తాయి.

మొదటిది విరాళం. సొసైటీకి షేర్లుండవు కాబట్టి ముఖవిలువ అన్న మాటే లేదు. దాత ఇచ్చిన ఎకరమైనా వెయ్యి రూపాయలైనా మొత్తం సంస్థదే. ఆయన వారసులు వచ్చి వాటా అడగలేరు. లెక్కల్లో అది కార్పస్ ఫండ్, గోడ మీద శిలాఫలకం. 2015లో తాడేపల్లిగూడెంలో మొదలైన ఎన్.ఐ.టి.కి ఇచ్చిన ప్రభుత్వ నిధులూ అంతే, వాటితో ఎవరికీ వాటా రాదు.

రెండోది క్యాపిటేషన్. సీటుకి నిర్ణయించిన ఫీజు ముఖవిలువ అనుకుంటే, పైన వసూలు చేసేది ప్రీమియం. కట్టేది తండ్రి. దానికి షేరు రాదు, చాలాసార్లు రసీదు కూడా రాదు. ఆంధ్రప్రదేశ్ 1983లోనే చట్టం చేసి దీన్ని నిషేధించింది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు, చదువు వ్యాపారం కాకూడదని చెప్పి ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్ల పద్ధతి పెట్టింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుమంది జడ్జీల బెంచి ఆ పద్ధతిని పక్కనపెట్టింది. సంస్థ ఎదగడానికి కొంత మిగులు ఉండొచ్చు, లాభార్జనా క్యాపిటేషనూ కూడదు అంది.

మూడోది కంపెనీ. కాలేజీ ట్రస్టు పేరునో సొసైటీ పేరునో ఉంటుంది. పక్కనే, దానికి సేవలందించే ఒక కంపెనీ. షేర్లు ఈ కంపెనీవి. 1986లో విజయవాడలో మొదలైన శ్రీచైతన్యకి వర్సిటీ ఎడ్యుకేషన్ మేనేజ్‌మెంట్ అలాంటిదే. న్యూ సిల్క్ రూట్ అనే ప్రైవేట్ ఈక్విటీ సంస్థ అందులో పెట్టుబడి పెట్టింది. దాతలు తగ్గిన కాలంలో ఇలాంటి డబ్బుతో చదువులు విస్తరించాయన్నది నిజం. కానీ ఇన్వెస్టరు ముఖవిలువకి అన్నిరెట్లు ఎందుకు కడతాడు? ఫీజులు ఆగవన్న ధీమాతో.

ఆ ధీమా ఎక్కణ్ణుంచి వస్తుందో కొల్లేరు వైపు చూస్తే అర్థమవుతుంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. పెట్టుబడి నీళ్ళలో కలిసింది. పిల్లల చదువుకి పెట్టింది మాత్రం ఎవరూ తెగ్గొట్టలేరని ఇలాంటి చోట్ల తల్లిదండ్రులు నమ్ముతారు. అప్పు చేసైనా ఫీజు కడతారు.

ప్రీమియం ఖాతాలో ఒక చిత్రం ఉంది. షేరు విలువ తర్వాత పడిపోయినా ఆ అంకె తగ్గదు. 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టిన బైజూస్ 2024కల్లా దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. అలాంటి కంపెనీలోనూ ఒకప్పటి నమ్మకం పాత ధరతోనే పుస్తకాల్లో నిలిచి ఉంటుంది. తండ్రి నమ్మకానికి అలాంటి ఖాతా లేదు. ఆయన కట్టింది ఆ ఏడాది ఆదాయంగా నమోదై, మార్చి 31తో ముగిసిపోతుంది.